లెక్క వచ్చినవాడికి చోటు లేదు

లాస్ వేగస్ క్యాసినోలో బ్లాక్‌జాక్ ఆడుతూ, అప్పటిదాకా పడిన ముక్కల్ని మనసులో లెక్కపెట్టుకోవడం నేరం కాదు. నెవాడా చట్టం దాన్ని మోసం కింద జమకట్టలేదు. జేబులో యంత్రం లేకుండా, ముక్కల మీద గుర్తులు పెట్టకుండా, డీలర్‌తో కుమ్మక్కు కాకుండా, కేవలం బుర్రతో ఆడినంతకాలం ఆ ఆటకి శిక్ష లేదు. అయినా ఆ లెక్క మీకు బాగా వచ్చని అనుమానం వస్తే చాలు, సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి పక్కకి వచ్చి, ఇంకే ఆటైనా ఆడుకోండి గానీ బ్లాక్‌జాక్ మాత్రం వద్దని మర్యాదగా చెప్తాడు. అనుమానం ముదిరితే అసలు ఈ ఆవరణలోకే రావద్దంటాడు. ఆ మాట విన్నాక మళ్ళీ అడుగు పెడితే మాత్రం అది నేరం. లెక్కపెట్టినందుకు కాదు, అక్రమంగా ప్రవేశించినందుకు.

మనలో చాలామందికి ఈ కథ 2008లో వచ్చిన '21' సినిమా ద్వారా తెలుసు. ఎం.ఐ.టి. కుర్రాళ్ళు జట్టుకట్టి వేగస్‌లో డబ్బు గెలుచుకొచ్చిన కథ. అందులో లెక్కలవాళ్ళు హీరోలు, క్యాసినో విలన్. నేను ఈ విషయం మీద చదువుతూ పోయినకొద్దీ నన్ను పట్టి ఉంచింది హీరోలు కాదు, బల్లకి అవతలి వైపు. అరవై ఏళ్ళుగా క్యాసినోలు ఒకటే చిక్కుముడిని విప్పుకుంటూ వస్తున్నాయి. ఈ ఆటని గెలవొచ్చు అన్న ఆశ జనంలో ఉండాలి, నిజంగా గెలవగలిగినవాడు మాత్రం బల్ల దగ్గర ఉండకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? దీనికి వాళ్ళు వెతుక్కున్న జవాబు కాలంతోపాటు మారింది. మారిన ప్రతిసారీ దాని ఖర్చు ఇంకొకరి మీద పడింది. నేను చెప్పదలుచుకున్నది ఆ ఖర్చు గురించే.

ఆటలో ఉన్న గుట్టు

జూదం గుట్టు లెక్కలో ఉందన్న మాట మనకి కొత్త కాదు. నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు రథం మీద పోతూ పోతూ ఒక తాండ్రచెట్టుని చూసి, దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేస్తాడు. నలుడు ఆయన దగ్గర ఆ విద్యతోపాటు అక్షహృదయమూ నేర్చుకుని, పుష్కరుడితో మళ్ళీ ఆడి, పోగొట్టుకున్న రాజ్యాన్ని గెలుచుకుంటాడు. పుష్కరుడు నలుడితో రెండోసారి ఆడటానికి ఒప్పుకున్నాడు కాబట్టి కథ సుఖాంతమైంది.

బ్లాక్‌జాక్‌లో లెక్కకి చోటు ఎక్కడుందో ముందు చూద్దాం. రౌలెట్ చక్రానికి జ్ఞాపకం లేదు. పోయినసారి ఎర్రగడి వచ్చిందని ఈసారి నల్లగడి వచ్చే అవకాశం పెరగదు. పేకముక్కలు అలా కాదు. ఒకసారి పడిన ఆసు, మళ్ళీ పేక కలిపేదాకా తిరిగిరాదు. అంటే ఇప్పటిదాకా ఏం పడ్డాయో తెలిసినవాడికి ఇక ఏం మిగిలాయో కొంత తెలుసు.

మిగిలినవాటిలో పదులు, బొమ్మముక్కలు, ఆసులు ఎక్కువుంటే ఆటగాడికి లాభం. ఆసూ పదీ కలిసి పడితే అదే బ్లాక్‌జాక్. అది ఆటగాడికి పడితే పాత పద్ధతిలో 10 డాలర్ల పందేనికి 15 డాలర్లు ఇస్తారు. డీలర్‌కి పడితే మాత్రం మన 10 డాలర్లే పోతాయి. పైగా 16 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే డీలర్ ఇంకో ముక్క తీసుకుని తీరాలి. పెద్దముక్కలు ఎక్కువ మిగిలుంటే అతను 21 దాటిపోయే అవకాశం ఎక్కువ. చిన్నముక్కలు మిగిలితే అంతా తలకిందులు. కాబట్టి 2 నుంచి 6 దాకా ఏ ముక్క పడినా ఒకటి కలుపుకో, పదులూ బొమ్మలూ ఆసులూ పడితే ఒకటి తీసెయ్, 7, 8, 9 పడితే వదిలెయ్. వచ్చిన మొత్తాన్ని ఇంకా మిగిలిన కట్టల సంఖ్యతో భాగించు. ఫలితం బాగా పెరిగినప్పుడు పందెం పెంచు, లేనప్పుడు తగ్గించు. విద్యంతా ఇంతే. ఇంత చేసినా లెక్కగాడికి మిగిలే మొగ్గు ఒక శాతం అటూ ఇటూ. గంటల తరబడి తప్పు లేకుండా ఆడాలి, మధ్యలో వరసగా వచ్చే నష్టాలకి తట్టుకునేంత డబ్బుండాలి. పుస్తకం చదివి బయల్దేరినవాళ్ళలో చాలామందికి ఈ రెండూ ఉండవు.

ఈ మొగ్గు ఉందని రుజువు చేసినవాడు ఎడ్వర్డ్ థోర్ప్. ఆయనకి ముందు, 1956లో, అమెరికా సైన్యంలో పనిచేస్తున్న బాల్డ్విన్, కాంటీ, మైజెల్, మెక్‌డెర్మట్ అనే నలుగురు, బల్లమీద పెట్టుకునే గణనయంత్రాలతో కుస్తీపట్టి, ఏ చేతికి ఎలా ఆడితే నష్టం అతి తక్కువో లెక్కకట్టి ఒక గణాంకశాస్త్ర పత్రికలో ప్రచురించారు. ఆ వ్యాసం చూసిన థోర్ప్ ఇంకో అడుగు ముందుకేశాడు. ముక్కలు పడుతున్నకొద్దీ అవకాశాలు మారతాయి కదా, ఆ మార్పుని పట్టుకుంటే? ఎం.ఐ.టి.లో పాఠాలు చెప్పే రోజుల్లో ఫోర్ట్రాన్ నేర్చుకుని, ఐబిఎం 704 యంత్రం మీద ఆ లెక్కలు చేశాడు. ఒక కట్టలోంచి నాలుగు అయిదులూ వెళ్ళిపోతే చాలు, ఆటగాడికి 3 శాతానికి పైగా మొగ్గు వస్తుందని తేలింది. 1961 జనవరిలో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. దాన్ని అకాడమీకి సమర్పించినవాడు సమాచార సిద్ధాంతకర్త క్లాడ్ షానన్. అదే ఏడు ఇద్దరు జూదరులు పెట్టిన 10 వేల డాలర్లతో థోర్ప్ నెవాడా వెళ్ళి, ఇంకో 11 వేలు గెలుచుకొచ్చాడు. 1962లో 'బీట్ ద డీలర్' పుస్తకం వచ్చింది.

ఆటనే మార్చేద్దామనుకున్న రోజులు

క్యాసినోలు మొదట చేసింది సహజమైన పని. ఆటలో కన్నం ఉంది, కాబట్టి కన్నాన్ని మూసేద్దాం. 1964 ఏప్రిల్ 1న లాస్ వేగస్ హోటళ్ళు కలిసి నియమాలు మార్చాయి. పందెం రెట్టింపు చేసుకునే అవకాశాన్ని 11 ఉన్న చేతికే పరిమితం చేశాయి. రెండు ఆసులు పడితే వాటిని రెండు చేతులుగా విడదీసి ఆడే వీలు తీసేశాయి. జరిగిందేమిటంటే, లెక్కపెట్టడం అంటే ఏమిటో తెలియని మామూలు జనం కూడా బల్లల దగ్గరికి రావడం మానేశారు. కొన్ని వారాలకే పాత నియమాలు తిరిగొచ్చాయి.

నాకు ఈ మొత్తం చరిత్రలో ఇదే కీలకమైన ఘట్టం అనిపిస్తుంది. క్యాసినోలకి అప్పుడు రెండు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, ఆటని బాహాటంగా బిగిస్తే జనం పసిగడతారు. రెండోది ఇంకా పెద్దది. థోర్ప్ పుస్తకం వాళ్ళకి శత్రువు కాదు. ఆ పుస్తకం వల్ల బ్లాక్‌జాక్‌కి ఒక ప్రత్యేకత వచ్చింది: ఇది తెలివితో గెలవగల ఆట. ఆ పేరు విని వచ్చినవాళ్ళలో తొంభైతొమ్మిది మంది సగం నేర్చుకుని, సగం మర్చిపోయి, డబ్బు అక్కడే పెట్టిపోతారు. మిగిలిన ఒక్కడి కోసం ఆటని పాడుచేసుకోవడం ఎందుకు? ఆ ఒక్కణ్ణి పట్టుకుని పంపిస్తే సరిపోతుంది.

అలాగని ఆటని పూర్తిగా వదిలెయ్యలేదు. పైకి కనపడని మార్పులు చేశారు. ఒక కట్టతో ఆడేచోట నాలుగు, ఆరు, ఎనిమిది కట్టలు కలిపి, షూ అనే డబ్బాలోంచి పంచడం పెరిగింది. 52 ముక్కల్లోంచి నాలుగు చిన్నముక్కలు పోతే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, 416 ముక్కల్లోంచి పోతే సముద్రంలో చెంబుడు నీళ్ళు తీసినట్టు. డబ్బా చివరిదాకా పంచకుండా, కొంత ఉండగానే మళ్ళీ కలపడం ఇంకో పద్ధతి. లెక్కకి బలం వచ్చేది చివర్లోనే కాబట్టి, ఆ చివరని కోసేశారు.

ముఖాల పుస్తకం

ఆ ఒక్కణ్ణి గుర్తుపట్టడం ఎలా? లెక్కగాడి తల లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు. కానీ అతని పందెం కనపడుతుంది. లెక్క బాగున్నప్పుడు పందెం పెంచకపోతే ఆ లెక్కకి అర్థమే లేదు. కాబట్టి పిట్ బాస్ పేకని చూడక్కర్లేదు, చిప్పుల దొంతర ఎప్పుడు పెరుగుతోందో చూస్తే చాలు. పైన కెమెరా గదిలో ఇంకొకరు అదే లెక్క తనూ వేస్తూ, పందెం దాంతోపాటే పెరుగుతోందా అని సరిచూసుకుంటారు.

దీనికి లెక్కగాళ్ళు కనిపెట్టిన విరుగుడు చాలా తెలివైనది. 1970లలో ఆల్ ఫ్రాన్సెస్కో అనే ఆటగాడు ఆ పనిని ఇద్దరికి పంచాడు. ఒకరు బల్ల దగ్గర గంటల తరబడి కూర్చుని ఒకే చిన్నపందెం కాస్తూ లెక్కపెడతారు. లెక్క పండినప్పుడు సైగ చేస్తారు. అప్పుడు ఎక్కడినుంచో ఒక ధనవంతుడు తాగి తూలుతున్నట్టు వచ్చి పెద్దపందేలు కాసి, లెక్క పడిపోగానే వెళ్ళిపోతాడు. లెక్కపెట్టేవాడు పందెం మార్చడు, పందెం కాసేవాడు లెక్కపెట్టడు. విడివిడిగా చూస్తే ఇద్దరూ అమాయకులే.

కాబట్టి క్యాసినోలు మనిషినే కాదు, మనుషుల మధ్య సంబంధాల్ని కూడా చూడాల్సొచ్చింది. 1967లో రాబర్ట్ గ్రిఫిన్ లాస్ వేగస్‌లో పెట్టిన గ్రిఫిన్ ఇన్వెస్టిగేషన్స్ ఇందులో ఆరితేరింది. క్యాసినోలు చందా కట్టేవి, ఆ సంస్థ ఫోటోలూ పేర్లూ మారుపేర్లూ, ఎవరు ఎవరితో తిరుగుతారో ఉన్న పుస్తకం పంపేది. ఒక క్యాసినోలో దొరికితే, ఆ వార్త ఊళ్ళో మిగతా క్యాసినోలకి చేరినట్టే.

ఈ పుస్తకంలో నాకు గుచ్చుకునే విషయం ఒకటుంది. చిప్పులు దొంగిలించేవాళ్ళూ, పేకలో గుర్తులు పెట్టేవాళ్ళూ, కేవలం లెక్కపెట్టేవాళ్ళూ అందరూ ఒకే అట్టల మధ్య. చట్టం గీసిన గీతని ఆ పుస్తకం చెరిపేసింది. 2000లో జేమ్స్ గ్రోజాన్ అనే నేర్పరి ఆటగాణ్ణీ అతని స్నేహితుణ్ణీ వేగస్‌లోని ఒక పెద్ద క్యాసినోలో అరెస్టు చేశారు. ఆ కేసు నిలవలేదు. వాళ్ళిద్దరూ తమని మోసగాళ్ళుగా చిత్రించారని గ్రిఫిన్ మీద పరువునష్టం దావా వేసి గెలిచారు. 2005లో గ్రిఫిన్ సంస్థ దివాలా రక్షణ కోరింది. ముప్పై ఎనిమిదేళ్ళపాటు అందరి పేర్లూ రాసిపెట్టుకున్న పుస్తకం, ఒక పేరు పక్కన తప్పుమాట రాసినందుకు కూలబడింది.

కోర్టు ఏమంది

ఇంతకీ, బుర్ర వాడినందుకు మనిషిని బయటికి పంపే హక్కు క్యాసినోకి ఉందా? ఈ ప్రశ్నని కోర్టుకెక్కించినవాడు కెన్ ఆస్టన్. యేల్‌లో చదివి, హార్వర్డ్‌లో ఎం.బి.ఎ. చేసి, పసిఫిక్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో పెద్ద ఉద్యోగం వెలగబెట్టిన మనిషి. ఆ ఉద్యోగం వదిలేసి, ఫ్రాన్సెస్కో జట్టులో పెద్దపందేల ధనవంతుడి వేషం కట్టాడు. నెవాడాలో వెలివేతలు మొదలయ్యాక గడ్డాలూ విగ్గులూ పెట్టుకుని తిరిగాడు, దావాలూ వేశాడు. నెవాడా ఆయన మాట వినలేదు. క్యాసినో సొంత ఆస్తి, ఎవర్ని రానివ్వాలో యజమాని ఇష్టం అన్నదే అక్కడి ధోరణి.

న్యూజెర్సీలో కథ వేరుగా నడిచింది. అట్లాంటిక్ సిటీలో మొదటి క్యాసినో అయిన రిసార్ట్స్ ఇంటర్నేషనల్ 1978లో తెరుచుకుంది. 1979 జనవరిలో ఆస్టన్‌ని ఆ క్యాసినో వెలివేసింది. కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1982 మేలో తీర్పొచ్చింది. ఆట నియమాలు నిర్ణయించేది రాష్ట్రం నియమించిన క్యాసినో నియంత్రణ కమిషన్, లెక్కపెట్టకూడదని కమిషన్ నియమం పెట్టలేదు, కాబట్టి ఆ కారణంతో మనిషిని పంపే అధికారం క్యాసినోకి లేదు. జనం కోసం తలుపులు తెరిచిపెట్టుకున్నవాడు, అల్లరి చేసేవాళ్ళని ఆపొచ్చు గానీ, సరైన కారణం లేకుండా ఒకణ్ణి గెంటెయ్యకూడదు అని కూడా కోర్టు చెప్పింది.

చదువుతున్నప్పుడు నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఆ తర్వాతి పేజీలు చదివాక ఆ ఉత్సాహం తగ్గింది. మనిషిని పంపే వీలు లేకపోయేసరికి, అట్లాంటిక్ సిటీ క్యాసినోలు కమిషన్ అనుమతితో మళ్ళీ ఆట మీద పడ్డాయి. ఎనిమిది కట్టల డబ్బాలు, డీలర్‌కి ఇష్టమొచ్చినప్పుడు పేక కలిపేసే హక్కు, అనుమానం ఉన్నవాడికి పందెం పరిమితి తగ్గించడం. మధ్యలో వచ్చి చేరినవాళ్ళని కొత్త డబ్బా మొదలయ్యేదాకా ఆడనివ్వకపోవడం కూడా క్యాసినోల అలవాట్లలో చేరింది. ఆస్టన్‌కి కుర్చీ దక్కింది, ఆ కుర్చీలో కూర్చుని ఆడే ఆట చిక్కిపోయింది. అతని పక్కన కూర్చున్న, లెక్క గొడవే తెలియని రిటైర్డు టీచరమ్మకి కూడా అదే ఆట. ఆస్టన్ ఆ తర్వాత వీడియో గేముల మీద పుస్తకాలు రాశాడు. 1987లో పారిస్‌లో చనిపోయాడు.

తెలివికీ జూదానికీ మధ్య గీత ఎక్కడ అన్న ప్రశ్న మన దగ్గర కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, అదీ సికింద్రాబాద్ నుంచి. 1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడిచేసి, రమ్మీ ఆడుతున్నవాళ్ళని పట్టుకున్నారు. 1967 నవంబరులో సుప్రీంకోర్టు, రమ్మీ మూడుముక్కలాట లాంటిది కాదని తేల్చింది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అంది. అంటే పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవడం సికింద్రాబాద్‌లో ఆటగాళ్ళని నిర్దోషులుగా నిలబెట్టింది. అదే పని నెవాడాలో మనిషిని గుమ్మం దాటిస్తుంది.

రెండు కోర్టుల తెలివితేటల్లో తేడా కాదిది. రమ్మీలో నా జ్ఞాపకశక్తి వల్ల నష్టపోయేది ఎదుటి ఆటగాడు, క్లబ్బువాడి రుసుము క్లబ్బువాడికి ఎలాగూ వస్తుంది. బ్లాక్‌జాక్‌లో ఎదుటి ఆటగాడే ఇంటి యజమాని. నా జ్ఞాపకం అతని జేబులోకి చెయ్యి పెడుతుంది. సికింద్రాబాద్ తీర్పులోనే ఇంకో మాట ఉంది: క్లబ్బు యజమాని ఆట మీద లాభం చేసుకుంటున్నట్టు రుజువైతే సంగతి వేరు అని. ఆటలో నేర్పు ఎంత అని మాత్రమే కాకుండా, ఇంటివాడి వాటా ఏమిటి అని కూడా అడగాలని ఆ తీర్పు రాసినవారికి తెలుసు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినప్పుడు వాదోపవాదాలన్నీ మళ్ళీ నేర్పు చుట్టూనే తిరిగాయి. రెండో ప్రశ్న మీద ఇంకొంచెం నిలబడి ఉంటే బావుండేదని నాకనిపిస్తుంది.

పుస్తకం నుంచి డేటాబేసుకి

లెక్కగాళ్ళు యంత్రాలు వాడితే క్యాసినోలకి చట్టం తోడొచ్చింది. కీత్ టాఫ్ట్ అనే ఇంజినీరు 1970లలో ఒంటికి కట్టుకునే కంప్యూటర్లు తయారుచేసి, కాలివేళ్ళతో ముక్కల్ని నమోదు చేసేవాడు. 1985లో నెవాడా అలాంటి పరికరాల్ని నేరం చేసింది. బుర్రతో చేస్తే నేరం కాని లెక్క, బూటులో యంత్రంతో చేస్తే నేరం. క్యాసినో వాడే యంత్రాలకి మాత్రం అలాంటి అడ్డు రాలేదు.

ఆ యంత్రాల్లో ఒకదాని కథ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా నన్ను చాలా ఆలోచింపజేసింది. జెఫ్ జోనాస్ అనే ప్రోగ్రామర్ వేగస్ క్యాసినోల కోసం 'నోరా' అనే వ్యవస్థ తయారుచేశాడు. దాని పని, పైకి కనపడని సంబంధాల్ని పట్టుకోవడం. ఉద్యోగుల జాబితా, హోటల్లో దిగినవాళ్ళ జాబితా, వెలివేసినవాళ్ళ జాబితా అన్నీ కలిపి చూసి, ఈ బల్ల దగ్గర గెలుస్తున్నవాడి ఫోన్ నంబరూ ఆ డీలర్ పాత ఫోన్ నంబరూ ఒకటే అని చెప్తుంది. పేరు కొంచెం మార్చి రాసినా, పుట్టిన తేదీలో అంకెలు తారుమారైనా పట్టేస్తుంది. ఫ్రాన్సెస్కో ఒక పనిని ఇద్దరు మనుషులుగా విడదీశాడు, నోరా విడిపోయినవాళ్ళని మళ్ళీ కలిపింది. 2001లో సి.ఐ.ఎ. నిధులతో నడిచే ఇన్-క్యూ-టెల్ జోనాస్ కంపెనీలో పెట్టుబడి పెట్టింది. 2005లో ఐబిఎం ఆ కంపెనీని కొనేసింది. థోర్ప్ లెక్కలు చేసింది ఐబిఎం యంత్రం మీదే అని గుర్తుచేసుకుంటే నవ్వొస్తుంది.

నేను కొన్నేళ్ళు ఇలాంటి పనే చేశాను, క్యాసినోలకి కాదు, మామూలు ఖాతాదారుల జాబితాలకి. రెండు వరసల్లో ఉన్నది ఒకే మనిషా కాదా అని చెప్పే ప్రోగ్రాములు. మన తెలుగు పేర్లు ఈ ప్రోగ్రాములకి పెద్ద పరీక్ష. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. వెంకట అన్న మాట ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరం, ఒకచోట అసలు ఉండదు. పట్టు బిగిస్తే ఒకే మనిషి ఇద్దరవుతాడు, సడలిస్తే ఇద్దరు శ్రీనివాసరావులు ఒకరవుతారు. ఎంత సడలించాలి అన్నది చివరికి ఒక అంకె. ఆ అంకెని ఎవరో ఒక ఇంజినీరు ఒక మధ్యాహ్నం ఎంచుకుంటాడు. ఖాతాదారుల జాబితాలో పొరపాటు జరిగితే ఒక ఉత్తరం ఎక్కువ వెళ్తుంది. వెలివేత జాబితాలో, భద్రతాసంస్థల జాబితాలో అదే పొరపాటు జరిగితే ఒక మనిషి గుమ్మం దగ్గర ఆగిపోతాడు, ఎందుకో అతనికి ఎవరూ చెప్పరు. గ్రోజాన్‌కి కనీసం దావా వెయ్యడానికి ఒక పుస్తకం ఉంది, ఒక సంస్థ పేరుంది. 'ఈ ఇద్దరూ ఒక్కరే కావచ్చు' అని ఒక ప్రోగ్రాము గుసగుసగా చెప్పినదాని మీద దావా వెయ్యడం అంత తేలిక కాదు.

అందరూ కట్టిన బిల్లు

క్యాసినోల పక్షాన చెప్పుకోదగ్గ మాట లేకపోలేదు. లెక్కగాడు ధర్మయోధుడేమీ కాదు, డబ్బు కోసం వచ్చినవాడు. నష్టం తప్పదని తెలిసిన బేరానికి ఏ వ్యాపారి కూర్చుంటాడు? బీమా కంపెనీ రోగం చూసి ప్రీమియం పెంచినట్టే ఇదీ అనుకోవచ్చు. కానీ బీమా కంపెనీ, ఎవరైనా లాభపడొచ్చు రండి అని దీపాలు వెలిగించి పిలవదు. క్యాసినో అమ్మేదే ఆ పిలుపు. గెలవగలవాళ్ళని ఏరేశాక కూడా అదే పిలుపు మిగతావాళ్ళని పిలుస్తుంటే, ఆ ఆట మునుపటి ఆట కాదు.

2000 తర్వాత వచ్చిన మార్పులు చూస్తే, క్యాసినోలు మనిషిని వెతికే శ్రమ కూడా తగ్గించుకున్నాయని అర్థమవుతుంది. ఆడిన ముక్కల్ని వెంటనే మళ్ళీ లోపల వేసుకుని నిరంతరం కలుపుతూనే ఉండే యంత్రాలు వచ్చాయి. వాటి ముందు లెక్కకి అర్థమే లేదు. పేక కలపడానికి ఆట ఆపక్కర్లేదు కాబట్టి గంటకి పడే చేతులూ పెరిగాయి. అంటే మామూలు ఆటగాడు ఇదివరకటికన్నా వేగంగా ఓడిపోతాడు.

రెండోది ఇంకా చిన్నగా కనపడుతుంది. బ్లాక్‌జాక్ పడితే 10 డాలర్లకి 15 ఇచ్చేవారు కదా, చాలా బల్లల మీద అది 12 అయింది. 3కి 2 ఉన్నచోట 6కి 5 అని రాశారు. అంకెలు పెద్దవయ్యాయి కాబట్టి ఎక్కువ ఇస్తున్నారనుకునేవాళ్ళు కూడా ఉంటారు. లెక్కేద్దాం. బ్లాక్‌జాక్ సుమారు 21 చేతులకి ఒకసారి పడుతుంది. పడినప్పుడల్లా 10 డాలర్ల పందెం మీద 3 డాలర్లు తక్కువ. డీలర్‌కి కూడా పడి సరిసమానమయ్యే సందర్భాలు తీసేస్తే, మొత్తం పందెంలో దాదాపు 1.4 శాతం. చక్కగా ఆడేవాడికి పాత బల్ల మీద ఉండే నష్టం అర శాతం దరిదాపుల్లో ఉండేది. ఈ ఒక్క మార్పుతో అది సుమారు నాలుగింతలైంది. ఆరితేరిన లెక్కగాడికి కష్టపడితే వచ్చే ఒక శాతం మొగ్గు కన్నా ఇది ఎక్కువ.

1964లో నియమాలు బిగిస్తే జనం లేచి వెళ్ళిపోయారు. ఈసారి అలా జరగలేదు. ఎందుకంటే అప్పుడు తీసేసింది ఆటగాడు చేతులారా చేసే పని. ఇప్పుడు తగ్గించింది గెలిచినప్పుడు వచ్చే డబ్బులో కొంత. గెలిచిన సంబరంలో మూడు డాలర్లు ఎవడు లెక్కపెడతాడు? పడిన ముక్కల్ని లెక్కపెట్టేవాడు లెక్కపెడతాడు. అతను ఆ బల్ల దగ్గర కూర్చోనే కూర్చోడు.

అందుకే లెక్కగాళ్ళ కథ మన కథ కాదు, ఆ పదిమంది మేధావులకీ పది క్యాసినోలకీ మధ్య పోరు అనుకోవడం నాకు సరికాదనిపిస్తుంది. మొదట నియమం మారింది, జనం ఊరుకోలేదు. తర్వాత మనిషిని వెలివేశారు, దానికోసం పుస్తకం, ఆ పుస్తకం తర్వాత డేటాబేసు వచ్చాయి. ఆ డేటాబేసు క్యాసినో గుమ్మం దాటి ప్రభుత్వాల చేతికీ కంపెనీల చేతికీ వెళ్ళింది. చివరికి నియమం మళ్ళీ మారింది, ఈసారి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. లెక్కగాడు వేరే బల్లకో వేరే ఊరికో పోయాడు. అతని పేరు చెప్పి కట్టిన గోడల మధ్య మిగిలింది సెలవులకి సరదాగా వచ్చినవాళ్ళు.

లాంగ్ వీకెండ్ వస్తే వేగస్ బయల్దేరే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో నా స్నేహితులూ ఉన్నారు. ఆడొద్దని నేను ఎవరికీ చెప్పను. కూర్చునేముందు బల్ల మీద పరిచిన పచ్చగుడ్డ వైపు ఒకసారి చూడండి. బ్లాక్‌జాక్‌కి ఎంత ఇస్తారో దానిమీదే అచ్చేసి ఉంటుంది. 6కి 5 అని ఉంటే లేచి, 3కి 2 ఉన్న బల్ల ఎక్కడుందో వెతుక్కోండి. ఆ మాత్రం లెక్కకి క్యాసినో ఎవర్నీ బయటికి పంపదు.